పాత కత్తి వాదర మీద నొక్కులు: సాన పట్టాలా, వదిలేయాలా?

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాను. పాత కత్తులు సేకరించడం ఈ మధ్యే అలవాటైంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మెరైన్ సైనికులు వాడిన నమూనాలో, కెమిలస్ కంపెనీ తయారుచేసిన తోలు పిడి కత్తి ఒకటి పాత సామాన్ల అమ్మకంలో కొన్నాను. అలుగు (కత్తి ఉక్కు భాగం) మీద ‘కెమిలస్, ఎన్.వై.’ అన్న ముద్ర ఉంది. దీన్ని ఎన్నడూ వాడలేదని అమ్మినవారు చెప్పారు. ఇంటికి తెచ్చి దీపం కింద చూస్తే మూడు విషయాలు కనిపించాయి. మొన దగ్గర పదును గీత (పదును కోసం వాలుగా అరగదీసిన పట్టీ) ఒక వైపు వెడల్పుగా, రెండో వైపు సన్నగా ఉంది. పిడికి ఆనుకుని అర సెంటీమీటరు మేర పదునే లేదు. వాదర (కోసే అంచు) నడుమ రెండు చోట్ల చిన్న మెరుపు చుక్కలున్నాయి, అక్కడ గోరు ఆనిస్తే తగులుతోంది. ఇవి ఫ్యాక్టరీలో వచ్చిన లోపాలా, ఎవరో వాడిన గుర్తులా? సాన పట్టిస్తే విలువ పోతుందా?

జవాబు: మీరు రాసిన మూడింటిలో మొదటి రెండూ దాదాపుగా ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే. వాటిని ముట్టుకోకండి. మూడోదాని సంగతి మాత్రం భూతద్దం పెట్టి తేల్చుకోవలసిందే.

ఈ కత్తి నమూనాను మెరైన్ దళం 1942 చివర్లో ఆమోదించింది. కెమిలస్ తోపాటు యూనియన్, రోబ్సన్, పాల్ అనే కంపెనీలు కూడా యుద్ధకాలంలో దీన్ని తయారుచేశాయి. ఏడంగుళాల అలుగు, తోలు బిళ్ళలను ఒకదానిపై ఒకటి పేర్చి నొక్కి చేసిన పిడి, వెలుగు పడినా తళుక్కుమనకుండా అలుగుకు బూడిదరంగు ఫాస్ఫేటు పూత దీని గుర్తులు. సైనికుల చేతుల్లో డబ్బాలు తెరవడానికీ, పెట్టెల పలకలు ఊడదీయడానికీ పనికొచ్చే సాధనంగా దీన్ని లక్షల సంఖ్యలో చేశారు, కాబట్టి నగిషీ పనివాడి నైపుణ్యం దీనిలో వెతకడం న్యాయం కాదు. ఇలాంటి కత్తులకు చివరి పదును పెట్టే పనివాడు అలుగును చేత్తో పట్టుకుని, తిరుగుతున్న గరుకు బెల్టు మీదో చక్రం మీదో పిడి వైపు నుంచి మొన వైపుకు లాగుతాడు. మొన దగ్గర అలుగు వంపు తిరుగుతుంది గనక అతను మణికట్టు ఎత్తాలి. ఆ ఎత్తడంలో కుడి పక్కకూ ఎడమ పక్కకూ కొంచెం తేడా వస్తే ఒక వైపు గీత వెడల్పవుతుంది. పిడి దగ్గర అడ్డుపట్టీ ఉంటుంది గనక బెల్టు చివరిదాకా అందదు, అక్కడ కాస్త మొద్దుగా మిగిలిపోతుంది. ఒక్క ఊపులో పని ముగించి పక్కన పెట్టిన కత్తి అని ఈ రెండు గుర్తులూ చెబుతున్నాయి. ఎవరైనా తరువాత శ్రద్ధగా సాన పట్టి ఉంటే ఈ వంకరలు పోయి, వాటి స్థానంలో రాతి గీతలు కనిపించేవి. సేకరించేవారి దృష్టిలో మీకు లోపంగా కనిపించినదే అసలుతనానికి సాక్ష్యం.

గీతలను కూడా ఒకసారి చూడండి. బెల్టు మీద పెట్టిన పదునులో గరుకు గీతలు వాదరకు అడ్డంగా, అన్నీ ఒకే వాలులో, ఒకే ముతకతనంతో ఉంటాయి. చేతిరాయి మీద పట్టిన పదునులో అవి సన్నగా, తలోవైపుకూ పోతాయి. ఫాస్ఫేటు పూతకూ పదును గీతకూ మధ్య హద్దు కూడా గమనించాలి. సాధారణంగా పూత తరువాతే పదును పెడతారు గనక బూడిదరంగు పక్కనే తెల్లని గీత తేటగా మొదలవుతుంది. ఆ హద్దుకు పైన పూత మీద కూడా రాపిడి మచ్చలుంటే, ఎవరో రాయిని పడుకోబెట్టి నూరారన్నమాట.

ఇక నడుమనున్న రెండు చుక్కలు. పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం కొనండి. కత్తిని వాదర పైకి ఉండేలా పట్టుకుని, దీపం మీ వెనుక నుంచి పడేలా చూసుకుని, మెల్లగా అటూ ఇటూ వంచండి. నిజమైన పదునుకు వెడల్పు ఉండదు గనక వెలుగును తిప్పికొట్టదు. ఎక్కడ మెరిసినా అక్కడ అంచు చదునైందనో, ఒరిగిందనో, విరిగిందనో అర్థం. ఈ రకం కత్తుల ఉక్కును 1095 అంటారు. అందులో కర్బనం సుమారు 0.95 శాతం, తుప్పును ఆపే క్రోమియం ఉందనుకోవడానికి లేదు. ఈ కత్తులకు ఇచ్చే కాఠిన్యం రాక్‌వెల్ కొలతలో 56 నుంచి 58 దాకా ఉంటుంది. అంత కాఠిన్యంలో గట్టి వస్తువు తగిలితే అంచు పెళుసుగా ఊడిపోవడం కన్నా పక్కకు ఒరగడమే ఎక్కువ. మీ గోరుకు రెండు వైపుల నుంచీ తగులుతోందా, ఒక వైపు నుంచే తగులుతోందా అన్నది ముఖ్యం. వెన్ను (కోయని మందపాటి అంచు) నుంచి వాదర వైపుకు గోరు జారిస్తే ఒక పక్కన పట్టుకుని, రెండో పక్కన నునుపుగా జారిపోతే అంచు ఒరిగినట్టే. వాదర వెంబడి నిలువుగా పోనిస్తే గోరు గుంటలో పడుతుంటే అది ముక్క ఊడిన నొక్కు.

నొక్కు అయితే దాని లోపలి రంగు చూడండి. ఈ మధ్య ఊడినదైతే గుంట లోపల తెల్లగా, సన్నని ఇసుకరేణువుల్లా కనిపిస్తుంది. పాతదైతే చుట్టూ ఉన్న ఉక్కులాగే నల్లబడి ఉంటుంది. ఎప్పుడూ నూనె పట్టించి ఉంచిన కత్తి విషయంలో మాత్రం ఈ పరీక్షను పూర్తిగా నమ్మలేం.

ఒరిగిన అంచును సరిచేయడానికి ఉక్కు తీయనక్కర్లేదు. మంగలి తన కత్తిని తోలుపట్టీ మీద రాసినట్టు, వెన్ను ముందు నడిచేలా, వాదర వెనక వచ్చేలా నాలుగైదు సార్లు తేలిగ్గా లాగితే చాలావరకు నిలబడుతుంది. తోలుకు ఏ పొడీ పూయకండి. ఊడిన నొక్కు సంగతి వేరు. దాని లోతు 0.2 మిల్లీమీటర్లు, అంటే రెండు కాగితాల మందం అనుకుందాం. ఆ గుంట కనపడకుండా పోవాలంటే వాదర పొడవునా 0.2 మిల్లీమీటర్ల ఉక్కు అరిగించాలి. వినడానికి ఇది అల్పమే. కానీ అలుగు వాదర నుంచి వెన్ను వైపుకు మందమవుతూ పోతుంది గనక, అరిగించిన మేరకు అంచు మందమైన చోటికి జరుగుతుంది, పదును గీత వెడల్పవుతుంది, ఫాస్ఫేటు పూత హద్దు పైకి జరుగుతుంది. ఫ్యాక్టరీ గీతలు పూర్తిగా చెరిగిపోతాయి. భూతద్దం పెడితేగానీ తేలని రెండు గుంటల కోసం సాన పట్టని కత్తిని సాన పట్టిన కత్తిగా మార్చుకోవడం నా దృష్టిలో నష్టపు బేరం.

విలువ గురించి అడిగారు గనక ఇంకో మాట. న్యూయార్క్ రాష్ట్రంలో కెమిలస్ అన్న ఊళ్లోని ఆ ఫ్యాక్టరీ 2007లో మూతపడింది. అదే ఏడాది ఆ పేరును ఆక్మే యునైటెడ్ అనే కంపెనీ కొనుక్కుంది, 2023లో దాన్ని వేరే కంపెనీకి అమ్మేసేదాకా ఆ పేరుతో కత్తులు అమ్మింది. ఆ కత్తులు పాత ఫ్యాక్టరీలో తయారైనవి కావు. మీ కత్తి లాంటివి ఇక కొత్తగా రావు గనక, ఉన్నవాటిలో ఫ్యాక్టరీ పదును చెదరనివాటికే గిరాకీ. ‘ఎన్నడూ వాడలేదు’ అని అమ్మినవారు చెప్పినదాన్ని, నొక్కులు నిజమైనవని తేలితే, ‘సాన పట్టలేదు, ఒకటి రెండు సార్లు వాడారు’ అని మీ పుస్తకంలో సవరించి రాసుకోండి. రేపు మీరు అమ్మేటప్పుడు కూడా అదే చెప్పండి. ధర కాస్త తగ్గవచ్చు, మాట మాత్రం పోదు. పరిశీలించాక ఎవరో ముందే సాన పట్టారని తేలితే కాపాడవలసిన ఫ్యాక్టరీ పదును అక్కడ లేనట్టే. అప్పుడు మీ ఇష్టం వచ్చినట్టు, చేతిరాయి మీద మాత్రమే, పదును పెట్టుకుని వాడుకోవచ్చు.

ప్రశ్న: మాది కాకినాడ. మా బావగారు అమెరికా నుంచి తెచ్చిచ్చిన ఇలాంటి తోలు పిడి కత్తినే తోలు ఒరలో పెట్టి బీరువాలో ఉంచాను. రెండు వానాకాలాలు గడిచాక తీస్తే వాదర మీద నల్లని చుక్కలు, ఒకటి రెండు ఎర్రని మచ్చలు ఉన్నాయి. మా అత్తగారు చింతపండు పెట్టి తోమమంటున్నారు. వీధిలో సాన పట్టే అతనికి ఇస్తే మంచిదా?

జవాబు: రెండూ వద్దు. చింతపండులోని పులుపు ఇత్తడికి మంచిదే గానీ, మీ కత్తి మీది ఫాస్ఫేటు పూత ఆమ్లానికి కరిగిపోతుంది. నిమ్మకాయ, వెనిగర్ సంగతీ అంతే. సాన చక్రం ప్రమాదం ఇంకా పెద్దది. ఈ ఉక్కును గట్టిపరచిన తరువాత ఒక పరిమితి దాకా మళ్ళీ వేడిచేసి పెళుసుతనం తగ్గిస్తారు. సన్నని అంచు నీరు తగలని చక్రం మీద క్షణాల్లో ఆ వేడిని దాటగలదు. అంచు మీద నీలిరంగు వచ్చిందంటే 300 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపుల్లోకి వెళ్ళిందని, ఆ మేరకు ఉక్కు మెత్తబడిందని అర్థం. ఆ మెత్తబడిన మేర అరిగిపోయేదాకా ఎంత నూరినా పదును నిలవదు.

నల్లని చుక్కలు కొంతవరకు ఉక్కు సహజంగా పట్టే నలుపు, వాటితో ప్రమాదం లేదు. ఎర్రనివి తుప్పు. వాటి మీద మినరల్ నూనె చుక్క వేసి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు వెదురు పుల్ల మొనతో మెల్లగా గీకి, పాత నూలు గుడ్డతో తుడవండి. కింద సన్నని గుంట కనిపిస్తే దాన్ని అలాగే ఉండనివ్వండి. కొబ్బరి నూనె మాత్రం పూయకండి. అది కాలం గడిచేకొద్దీ కనరెక్కుతుంది.

మీ కత్తి తుప్పుకు అసలు కారణం ఆ ఒరే. తోలు గాలిలోని తేమను పీల్చుకుని వాదరకు ఆనించి ఉంచుతుంది, పచ్చితోలును శుద్ధి చేయడానికి వాడిన రసాయనాలు కూడా ఉక్కును తింటాయి. కోస్తా ఉప్పుగాలిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఒరను పక్కన విడిగా పెట్టి, అలుగుకు పలచగా మైనం పూసి, కాగితంలో చుట్టి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లంతో కలిపి డబ్బాలో ఉంచండి. పిడి తోలుకు నూనె పట్టించకండి, బిళ్ళలు మెత్తబడి వదులవుతాయి.

ప్రశ్న: ఇలాంటి కత్తిని ఫొటోలు చూసి కొనాలనుకుంటున్నాను. వాదర గురించి ఏమని అడగాలి?

జవాబు: ‘పదును బాగుందా’ అని అడిగితే ‘చాలా బాగుంది’ అనే వస్తుంది, అది పనికిరాని జవాబు. వాదర పైకి చూస్తున్నట్టుగా, పిడి నుంచి మొన దాకా, ఒక పక్క నుంచి దీపం పడేలా తీసిన ఫొటో కావాలని అడగండి. తరువాత రెండు పక్కల పదును గీతనూ విడివిడిగా, దగ్గరి నుంచి తీసి పంపమనండి. ఎక్కడైనా మెరుపు చుక్క ఉంటే ఆ చోటు పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో అడగండి. వీటికి విసుక్కునే అమ్మకందారుతో బేరం అక్కడితో ఆపేయవచ్చు.