కరెంటు కబుర్లు: సెన్సర్ స్విచ్‌కి ఏ బల్బు పెట్టాలి?

ప్రశ్న: మెట్ల దగ్గరా వెనక వరండాలోనూ మనిషి కదిలితే వెలిగే సెన్సర్ స్విచ్‌లు పెట్టించామండి. ఇంట్లో మిగిలిపోయిన సీఎఫ్ఎల్ బల్బులే వాటికి తగిలించాం. వెలగడానికి వెలుగుతున్నాయి గానీ మొదట మసగ్గా ఉండి, సరిగ్గా వెలుతురు వచ్చేసరికి మేం పైకి వెళ్లిపోతున్నాం. పైగా ఏళ్ల తరబడి వస్తుందని డబ్బా మీద రాసిన బల్బు నెలల్లోనే పోయింది. లోపం స్విచ్‌లోనా బల్బులోనా?

జవాబు: రెండిట్లోనూ లేదండి, ఆ రెంటికీ పొత్తు కుదర్లేదంతే. సీఎఫ్ఎల్ అంటే మెలితిప్పిన చిన్న ట్యూబ్‌లైటే కదా, లోపల రవ్వంత పాదరసం ఉంటుంది, గొట్టం వేడెక్కి ఆ పాదరసం తగినంత ఆవిరయ్యాకే పూర్తి వెలుతురు వస్తుంది, దానికి అర నిమిషం నుంచి రెండు మూడు నిమిషాల దాకా పడుతుంది, చలికాలంలో ఇంకాస్త ఎక్కువే. మెట్లెక్కడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? అంటే మీరు రోజూ మసక వెలుతుర్లోనే ఎక్కి దిగుతున్నారు.

ఇక తొందరగా పోవడం సంగతి. ఆ గొట్టం రెండు చివర్లా సన్నటి ఫిలమెంట్లు, వాటి మీద ఒక పూత ఉంటాయి. బల్బు వెలిగించిన ప్రతిసారీ ఆ పూత కొంచెం ఎగిరిపోతుంది. పాత ట్యూబ్‌లైట్ల చివర్లు నల్లబడటం చూసే ఉంటారు, ఇదీ అదే. పూత అయిపోయిన రోజు చోక్ బాగానే ఉన్నా బల్బు వెలగదు. డబ్బా మీద వేసే గంటల లెక్క ల్యాబ్‌లో తేల్చింది, అక్కడ ఒకసారి వెలిగిస్తే సుమారు 3 గంటలు ఉంచి, కాసేపు ఆర్పి మళ్లీ వెలిగిస్తారు. మీ మెట్ల మీద పిల్లలు పైకీ కిందకీ తిరుగుతుంటే అది రోజుకి ఎన్ని డజన్ల సార్లు వెలిగి ఆరుతుందో మీరే ఊహించుకోండి. 15 నిమిషాల్లోపు గదిలోకి తిరిగొచ్చేట్టయితే సీఎఫ్ఎల్‌ని ఆర్పకుండా వదిలేయడమే మేలని అమెరికా ఇంధన శాఖ సలహా కూడా ఉంది. సెన్సర్ చేసే పని దానికి పూర్తిగా ఉల్టా.

కాబట్టి ఆ సీఎఫ్ఎల్‌లు పారేయకండి, సాయంత్రం వేస్తే పడుకునేదాకా వెలిగే చోటికి మార్చేయండి, అక్కడ హాయిగా పనిచేస్తాయి. సెన్సర్ ఉన్నచోట ఎల్ఈడీ పెట్టండి. అది వేసీ వేయగానే పూర్తిగా వెలుగుతుంది, ఎన్నిసార్లు వేసి ఆర్పినా పెద్దగా పట్టించుకోదు. దానికి పడనిది వేడి ఒక్కటే, గాలాడని డూమ్‌లో బిగిస్తే లోపలి డ్రైవర్, అంటే ఎల్ఈడీకి తగ్గట్టు కరెంటుని మార్చిచ్చే సర్క్యూట్, తొందరగా పోతుంది.

ప్రశ్న: నేను ఎల్ఈడీయే పెట్టానండి. అయినా బల్బు ఆరాక కూడా కొన్ని సెకన్లకోసారి మినుక్కుమంటోంది, రాత్రిళ్లు చూస్తే దయ్యం కొంపలా ఉంది. బల్బు మార్చినా అంతే. మామూలు స్విచ్ ఉన్నప్పుడు ఈ గొడవ లేదు.

జవాబు: మీ పాత స్విచ్ తీసేసి అదే పెట్టెలో, ఉన్న రెండు వైర్లకే సెన్సర్ స్విచ్ తగిలించి ఉంటారు. అసలు కథంతా అక్కడే ఉంది. సెన్సర్ అంటే ఎప్పుడూ మేలుకుని ఉండాల్సిన వస్తువు, దానికీ కాస్త కరెంటు కావాలి. న్యూట్రల్ వైరు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, ఇవ్వకపోతే అదేం చేస్తుందంటే ఆ కొంచెం కరెంటునీ బల్బు గుండానే లాక్కుంటుంది. పాత ఫిలమెంట్ బల్బులకి ఇది లెక్కలోకి రాదు, అంత చిన్న కరెంటుకి ఫిలమెంట్ కనీసం ఎర్రబడను కూడా ఎర్రబడదు. ఎల్ఈడీ అలా కాదు, లోపల కెపాసిటర్ ఉంటుంది, ఆ లీకేజీ కరెంటు దాంట్లో కొంచెం కొంచెంగా చేరి చేరి, సరిపడా నిండగానే బల్బు ఒక్కసారి మెరుస్తుంది, ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది. మీరు చూస్తున్న దయ్యం అదే. సీఎఫ్ఎల్ పెట్టినా ఇంతే.

అనుమానం తీరాలంటే, ఎక్కడైనా పాత ఫిలమెంట్ బల్బు దొరికితే ఎల్ఈడీ తీసి అదే హోల్డర్‌లో పెట్టి చూడండి, మినుకుమనడం ఆగి సెన్సర్ బుద్ధిగా పనిచేస్తే రోగం ఇదేనన్నమాట. మందు ఏంటంటే ఫేజ్, న్యూట్రల్, బల్బుకి వెళ్లే వైరు, ఈ మూడూ తగిలించే రకం సెన్సర్ తీసుకోవడం. స్విచ్ బోర్డులోకి న్యూట్రల్ రాకపోతే ఎలక్ట్రీషియన్‌తో ఒక వైరు లాగించాలి, లేదా స్విచ్ జోలికి పోకుండా సెన్సర్‌ని లైటు దగ్గరే సీలింగ్‌లో పెట్టించాలి, అక్కడ న్యూట్రల్ ఎలాగూ ఉంటుంది. బల్బుకి వెళ్లే రెండు వైర్ల మధ్య కలిపే చిన్న బైపాస్ ముక్కలు కూడా దొరుకుతాయి, అవి ఆ లీకేజీని తమ మీదుగా పంపేస్తాయి, పనిచేస్తాయి గానీ నన్నడిగితే వైరు లాగించుకోవడమే నయం. ఏది చేయించినా మెయిన్ ఆఫ్ చేశాకే పెట్టె విప్పనివ్వండి.

ఇదే సందర్భంలో ఇంకో మాట. సెన్సర్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించే వాట్లు ఫిలమెంట్ బల్బులకి వేసినవి, ఎల్ఈడీకి ఎన్ని వాట్లన్నది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చాలా తక్కువ ఉంటుంది. ఎల్ఈడీ వెలిగే ఆ తొలి క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది కదా, ఒకే సెన్సర్‌కి పది బల్బులు కడితే లోపలి రిలే (లైటుని వేసి ఆర్పే చిన్న స్విచ్) పాయింట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి లైటు ఇక ఆరనే ఆరదు. సెన్సర్ మీద వేలితో కొడితే టక్కున ఆరిందంటే అర్థం చేసుకోండి, రిలే పని అయిపోవచ్చింది.

ప్రశ్న: బల్బు, సెన్సర్ రెండూ మారిస్తే కరెంటు బిల్లు బాగా తగ్గుతుందా?

జవాబు: బల్బు వల్ల తగ్గుతుంది, సెన్సర్ వల్ల పెద్దగా తగ్గదండి. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు. లెక్క చూద్దాం. స్టోర్ రూమ్‌లో లైటు రోజూ 4 గంటలు ఊరికే వెలుగుతోంది అనుకుందాం, ఎవరూ ఆర్పరు. 60 వాట్ల పాత బల్బయితే ఏడాదికి 88 యూనిట్ల దాకా తినేస్తుంది. దాని చోట అంతే వెలుతురిచ్చే 9 వాట్ల ఎల్ఈడీ పెడితే అలా వదిలేసినా 13 యూనిట్లే. అంటే 70 పైచిలుకు యూనిట్లు బల్బు మార్చినందుకే మిగిలాయి. ఇప్పుడు సెన్సర్ పెట్టి ఆ 4 గంటలూ పూర్తిగా ఆపేశారనుకోండి, కానీ సెన్సర్ తనకోసం ఒక అర వాటు రాత్రింబవళ్లూ తింటుంటే ఏడాదికి 4 యూనిట్ల పైనే అవుతుంది, అది పోగా మీకు అదనంగా మిగిలేది 9 యూనిట్లు కూడా ఉండదు. మీరు లైటు మర్చిపోయేది రోజుకి గంటా 20 నిమిషాల కంటే తక్కువైతే సెన్సర్ పెట్టడం వల్ల నష్టమే.

అయితే వద్దా అంటే వద్దనను. చేతుల్లో బట్టల బుట్టో నీళ్ల బకెట్టో ఉన్నప్పుడు, అర్ధరాత్రి పెద్దవాళ్లు లేచి చీకట్లో స్విచ్ తడుముకోవాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. అందుకోసం పెట్టుకోండి, బిల్లు కోసం మాత్రం కాదు.

ప్రశ్న: బాత్రూమ్‌లో మనిషి లోపలుండగానే లైటు ఆరిపోతోంది. చేతులూపితే వెలుగుతోంది. ఇదేం ఖర్మండీ?

జవాబు: ఆ సెన్సర్ చూసేది మనిషిని కాదు, మనిషి ఒంటి వేడి ఒక చోటు నుంచి ఇంకో చోటుకి జరగడాన్ని. కదలకుండా కూర్చుంటే దాని లెక్కలో మీరు లేనట్టే. సెన్సర్ వెనకో పక్కనో టైమ్ అని రాసిన చిన్న మర ఉంటుంది, సన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పి 10 నిమిషాల దగ్గర పెట్టుకోండి. ఎల్ఈడీయే కాబట్టి కాసేపు ఎక్కువ వెలిగినా ఏం కొంప మునగదు. ఎదురుగా నడిచొచ్చే మనిషికంటే అడ్డంగా దాటే మనిషిని అది బాగా పట్టుకుంటుంది, గోడ మీద పెట్టేటప్పుడు అది చూసుకోండి. గది బాగా వేడెక్కి ఒంటి వేడికి దగ్గరగా వచ్చిన రోజుల్లో కూడా సరిగ్గా పట్టుకోలేదు. పక్కన నడవాలో ఎవరు పోయినా వెలుగుతుంటే ఆ తెల్లటి ప్లాస్టిక్ బుడిపె మీద అటువైపు భాగానికి చిన్న టేప్ ముక్క అంటించండి చాలు.

ప్రశ్న: ఈ వైరింగ్ గోలంతా ఎందుకని లోపలే సెన్సర్ ఉన్న బల్బు కొని గాజు గ్లోబులో పెట్టాను, అస్సలు పనిచేయట్లేదు.

జవాబు: ఒంటి వేడి గాజులోంచి దాటదండి. గ్లోబు తీసేయండి, లేదంటే ఒంటి వేడితో కాక రేడియో తరంగాలతో కదలికని పట్టే మైక్రోవేవ్ రకం సెన్సర్ ఉన్న బల్బు తీసుకోండి, దానికి గాజూ ప్లాస్టిక్ అడ్డు కావు. కాకపోతే అది చెక్క తలుపు అవతల, పల్చటి గోడ అవతల కదిలినా వెలుగుతుంది. ఏ రకమైనా గోడ మీది స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాలి, ఇంట్లోవాళ్లు అలవాటుకొద్దీ ఆపేస్తే సెన్సర్ కూడా ఆగిపోతుంది.