యాభై దాటాక కరాటేనా? కర్ర పట్టండి

"యాభై దాటాక ఆత్మరక్షణ కోసం కరాటే లాంటివి నేర్చుకోవచ్చా?" అని అడిగారు. నాకు 57. మాది ఒంగోలు, ముప్పయ్యేళ్లుగా చెన్నైలో ఉంటున్నాం. నేర్చుకోవచ్చు. కానీ కరాటే వద్దు, కర్ర పట్టండి.

కరాటే చూశాను కనుకే చెబుతున్నా. క్లాసులో నా పక్కనంతా ఆరో తరగతి పిల్లలు. నాలుగో వారానికి మోకాలు వాచింది. మాస్టారేమో "ఆంటీ, ఇంకొంచెం పైకి" అంటాడు! నడుం దాకా కాలు లేపి ఎవర్ని తన్నాలి నేను?

తర్వాత బీసెంట్ నగర్ బీచ్‌లో సిలంబం నేర్పే ఆయన దొరికారు. మన కర్రసాముకి దగ్గరి చుట్టమే అది. నిలబెడితే నుదుటి దాకా వచ్చే వెదురు కర్ర. 2024 జనవరిలో తమిళనాడులో ఖేలో ఇండియా పోటీలు జరిగినప్పుడు దీన్ని ప్రదర్శన క్రీడగా పెట్టారు. నాకు నేర్పే ఆయనకి డెబ్బై దగ్గరపడ్డాయి. మొదటి నెలంతా కర్ర తిప్పనివ్వలేదు. "కాలడి, కాలడి" అంటూ ఇసుకలో అడుగులే వేయించారు. తీరా తిప్పడం మొదలుపెట్టాక మొదటి దెబ్బ నా చెవికే తగిలింది. అరచేతుల్లో బొబ్బలొచ్చి వారం రోజులు చపాతీ పిండి మావారే కలిపారు. అదో లాభం.

పోయిన నవంబరులో పొద్దున్నే ఐదున్నరకి పాల కోసం బయల్దేరాను. ఫుట్‌పాత్ మీద కరెంటు పెట్టె, దాన్ని ఆనుకుని ఎవరిదో బైకు. ఈ ఊళ్లో ఫుట్‌పాత్ మనుషులకి తప్ప అన్నిటికీ పనికొస్తుంది. రోడ్డు మీదికి దిగానో లేదో, మలుపులో నాలుగు కుక్కలు. నా చేతిలో పొడుగు గొడుగు ఒక్కటే. పరుగెత్తితే వెంటపడతాయని అందరికీ తెలుసు, ఆ సంగతి కాళ్లకి తెలియాలి కదా! ఆ రోజు తెలిసింది. కుడికాలు దానంతటదే వెనక్కి వెళ్లింది, ఒళ్లు పక్కకి తిరిగింది. గొడుగు మొన నేలకి జానెడెత్తులో అటూ ఇటూ ఆడిస్తున్నా. నల్లది ఒకటి ముందుకొచ్చి మొనని పళ్లతో పట్టింది. లాగితే అదీ లాగుతుంది. అందుకని అరడుగు ముందుకేసి దాని నోట్లోకే నెట్టాను. వదిలేసింది. వీపు చూపకుండా అడుగులో అడుగేసుకుంటూ ఆవిన్ పాల బూత్ దాకా వచ్చాను. బూత్ అబ్బాయి "రివర్స్‌లో వస్తున్నారేంటమ్మా" అని ఒకటే నవ్వు.

మరి బైకు మీదొచ్చి మెడలో గొలుసు లాక్కుపోయేవాళ్ల సంగతంటారా? దానికి ఏ విద్యా పనికిరాదు. నేను బంగారం లాకర్లో పెట్టేసి పసుపుతాడు వేసుకున్నా. మా అత్తగారు రెండు నెలలు మాట్లాడలేదు. రీల్స్‌లో కత్తి పట్టిన చెయ్యి మెలితిప్పి చూపించేవాళ్లని మాత్రం నమ్మకండి. ఆ కత్తివాడు వాళ్ల స్నేహితుడు కాబట్టి ఊరుకుంటాడు.

గొడుగు మొన మీద పళ్ల గాట్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఎండా వానా లేని రోజు కూడా అది పట్టుకుని గడప దాటుతుంటే, పేపర్ లోంచి తలెత్తకుండానే "ఇవాళ వానెక్కడుందే?" అంటారు మావారు.