జీతమిస్తూ నేర్పే ఆస్పత్రి పని మంచిదేనా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు, ఇంటర్ అయిపోయింది, నర్సింగ్ కాలేజీ ఫీజు మా నాన్న ఆటో మీద కట్టలేం. విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆస్పత్రి వాళ్ళు అప్రెంటిస్‌గా తీసుకుంటాం, నెలనెలా స్టైపెండ్ ఇస్తాం అంటున్నారు. వెళ్ళనా?

జవాబు: వెళ్ళు తల్లీ, కానీ ముందు ఒకటి తెలుసుకో, ఇది జనరల్ డ్యూటీ అసిస్టెంట్ పని, దీంతో నువ్వు నర్సువి అయిపోవు, నర్సు అవ్వాలంటే 3 ఏళ్ళ జీఎన్ఎమ్ అనే నర్సింగ్ డిప్లొమానో, 4 ఏళ్ళ బీఎస్సీ నర్సింగో చదవాల్సిందే. అలాగని చిన్న పనేం కాదు. లేవలేని పేషెంట్‌ని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపుకి పుండ్లు పడతాయి. మనిషి మంచం మీదుండగానే ఒక పక్కకి ఒత్తిగించి, పాత దుప్పటి వీపు వెనక్కి చుట్టి, కొత్తది పరిచి, ఇటు తిప్పి లాగేయాలి, అదీ ఆయన మూలగకుండా. మా అమ్మ పక్షవాతంతో పడుకున్నప్పుడు ఒక అమ్మాయి అలా చేస్తుంటే చూశా, ఇప్పటికీ మర్చిపోలేను.

నోటిమాట మీద మాత్రం చేరొద్దు. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అది కేంద్రం అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వాలి. 2016లో వచ్చిన స్కీమ్ కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1500 దాకా కేంద్రమే భరిస్తుంది, అలాంటప్పుడు నీ దగ్గర డిపాజిట్ అడిగితే లేచి వచ్చేయ్. ఇంజెక్షన్ చెయ్యమంటే నాకు ట్రైనింగ్ లేదని గట్టిగా చెప్పు. నైట్ డ్యూటీలు ఎన్నో, గుంటూరు తిరిగి రావడానికి బస్సుంటుందో లేదో కూడా ముందే అడుగు.