చూసేవాళ్ళకి ఏం పని ఇస్తావో ముందు తేల్చుకో

చిరంజీవి మేనకోడలికి బరంపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

వచ్చే ఠాకురాణి అమ్మవారి యాత్రకి మన వీధిలో, జనం కూడా పాలుపంచుకునేలా ఒక కళాకృతి పెడతానని రాశావు. చాలా సంతోషం వేసింది తల్లీ. గోడ నిండా లైట్లు, ఎవరు దగ్గరికొస్తే అక్కడ వెలుగుతాయి, సెన్సార్లు ఎన్ని కావాలి, ఎలాంటివి కొనాలి అని అడిగావు. సెన్సార్ల సంగతి తర్వాత. మనిషి వచ్చాక నీ పనిలో ఏం మారుతుంది? అతను రాకపోతే ఏం లోటు? ఈ రెండిటికీ జవాబు దొరికేదాకా రూపాయి ఖర్చు పెట్టకు. మనిషి వస్తే వెలిగే లైటు ఇప్పుడు అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర కూడా ఉంటోంది. దాన్ని చూసి ఎవరూ ఆగరు.

ఈ ఆలోచన ఎలా పెరుగుతూ వచ్చిందో తెలిస్తే నీకే దారి దొరుకుతుంది. 1920లో ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డుషాంప్ మోటారుతో తిరిగే గాజు పలకల యంత్రం చేశాడు. స్విచ్ వేసి, మీటరు దూరంలో నిలబడి చూస్తే పలకల మీది గీతలన్నీ కలిసి వలయాల్లా కనిపిస్తాయి. అంటే చూసేవాడు ఎక్కడ నిలబడాలన్నది కూడా పనిలో భాగమైపోయింది. 1957లో హ్యూస్టన్‌లో మాట్లాడుతూ, సృష్టి కళాకారుడి ఒక్కడి వల్లే అయ్యేది కాదు, చూసేవాడూ తన వంతు కలుపుతాడు అన్నాడు. కావ్యాన్ని మనసారా ఆస్వాదించే సహృదయుడి గురించి మన ఆలంకారికులు చెప్పింది చదువుకున్నవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. కానీ అదంతా మనసులో జరిగేది. చేతికి పని ఇవ్వడం వేరు.

1959లో న్యూయార్క్‌లో అమెరికా కళాకారుడు అలన్ కాప్రో చేసిన ప్రదర్శనలో ప్రేక్షకులకి కార్డులు ఇచ్చి, ఎప్పుడు లేచి ఏ గదిలోకి వెళ్ళాలో రాశారు. దానికి చాలా పేరొచ్చింది. నన్నడిగితే మాత్రం అది సగం దారే. చెప్పినప్పుడు లేవడం, చెప్పిన చోట కూర్చోవడం పాలుపంచుకోవడం కాదు.

నువ్వు కుదురుగా కూర్చుని చూడాల్సింది బ్రెజిల్ కళాకారిణి లిజియా క్లార్క్ 1960లో మొదలుపెట్టిన బిచోస్‌ని. అల్యూమినియం రేకుల్ని మడత బందులతో కలిపి చేసిన బొమ్మలవి. ముందూ వెనకా అంటూ ఉండవు. చేతిలోకి తీసుకుని ఒక రేకు ఎత్తితే, ఆ బందు ఇంకో రేకుని లాగుతుంది, అది మూడోదాన్ని పడేస్తుంది. నువ్వు అనుకున్న రూపానికి ఒక్కోసారి అది అసలు ఒప్పుకోదు. నువ్వొకటి చేస్తావు, అదొకటి చేస్తుంది, మళ్ళీ నువ్వు. కరెంటు లేదు, సెన్సార్ లేదు, అయినా అంత సంభాషణ! ఇప్పుడు చాలా మ్యూజియంలలో వాటిని అద్దాల పెట్టెలో పెట్టి, ముట్టుకోవడానికి నకలు ఇస్తున్నారు. నాకు అది చూస్తే బాధగా ఉంటుంది. నీ పనిని మాత్రం పది మంది ముట్టుకుంటే అరిగిపోయే వస్తువుతో చెయ్యకు.

ఆ దేశంవాడే హెలియో ఒయిటిసికా 1964లో పరంగోలేలు కుట్టడం మొదలుపెట్టాడు. రంగు బట్టలు పొరలు పొరలుగా కుట్టిన అంగీలు. కొక్కేనికి తగిలిస్తే ఏమీ కనపడదు. ఒంటికి వేసుకుని ఆడితేనే రంగులు బయటికొస్తాయి. 1965లో రియో ఆధునిక కళా మ్యూజియంకి మంగేరా బస్తీ సాంబా నర్తకులతో వస్తే లోపలికి రానివ్వలేదు. వాళ్ళు బయటే ఆడారు. మన ఊళ్ళో ఆ గొడవే లేదు. యాత్రకి మొక్కుకున్నవాడు వేషం కడతాడు, అంతే. పులి వేషగాడికి ఒళ్ళంతా పసుపు రంగు పూసి నల్ల చారలు దిద్దుతుంటే దగ్గర నిలబడి చూడు. రంగు ఆరేదాకా మన పక్కింటి కుర్రాడే. సన్నాయి లాంటి మహురి, డోలు మొదలయ్యేసరికి నడకే మారిపోతుంది. కిందటి యాత్రలో అరుగు మీంచి చూసినవాడు ఈసారి శివుడై వీధిలో ఉంటాడు. నువ్వు పని పెట్టబోయేది ఇలాంటి జనం మధ్య. వాళ్ళకి బటన్ నొక్కే పని మరీ తక్కువ.

యంత్రమే కావాలంటే, 1970లో ఎడ్వర్డ్ ఇహ్నాటోవిచ్ నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో పెట్టిన సెన్‌స్టర్ గురించి చదువు. ఇనప గొట్టాలతో చేసిన పెద్ద మెడ, దాని చివర మైకులు, రాడార్లు, వెనక కంప్యూటర్. మెల్లగా మాట్లాడితే దగ్గరికొచ్చేది, అరిస్తే, గబగబా కదిలితే వెనక్కి తగ్గేది. జనం ఎలా మసలుకోవాలో అదే నేర్పింది. కానీ మన ఊరి బడాబజారు రద్దీలో, మైకుల మోతలో చప్పుడు వినే యంత్రం పనికిరాదు. చేత్తో తాకేదో, కాలితో తొక్కేదో చూసుకో. తాకిన వెంటనే ఫలితం కనపడాలి. ఆలస్యమైతే అది తన వల్లే జరిగిందని మనిషికి తెలియదు.

నాకు టెన్షన్‌గా ఉన్నది నీ రెండో ఆలోచన. నువ్వే మధ్యలో కూర్చుంటానని, జనం నీ చీర మీద రంగులు వేస్తారని రాశావు. జపాన్ కళాకారిణి యోకో ఓనో 1964లో క్యోటోలో కత్తెర ముందుపెట్టి, తన బట్టలు కత్తిరించమని కదలకుండా కూర్చుంది. మరీనా అబ్రమోవిచ్ 1974లో నేపుల్స్‌లో 72 వస్తువులు బల్ల మీద పెట్టి ఆరు గంటలు నిలబడింది. వాటిలో తుపాకీ, తూటా కూడా ఉన్నాయి. చివరికి ఆ తుపాకీ ఆమె మీదికే గురిపెట్టారు. జనానికి అధికారం ఇచ్చాక అది ఎంతవరకు పోతుందో ముందు తెలియదు. చేయొద్దని అనను. అరగంటకి మించి కూర్చోకు, నీ స్నేహితులు ఇద్దరు పక్కనే ఉండాలి, ఆపమని నువ్వు చెయ్యెత్తితే అక్కడితో ఆగిపోవాలి. ఇవి కుదరకపోతే ఆ చీరని ఒక చట్రానికి కట్టు.

ఎక్కేవి, ఊగేవి పెడితే ఇంకా జాగ్రత్త. 1971లో లండన్ టేట్ గ్యాలరీలో రాబర్ట్ మోరిస్ జనం ఎక్కి ఆడుకోవడానికి దుంగలు, వాలు బల్లలు పెట్టాడు. దెబ్బలు తగిలి కొద్ది రోజులకే మూసేయాల్సొచ్చింది. 2009లో మళ్ళీ కట్టినప్పుడు భద్రత చూసుకుని కట్టారు.

ఒడియా, తెలుగు రెండిట్లోనూ బోర్డు రాస్తానన్నావు. రాయి, కానీ దాని మీద ఆధారపడకు. ముందు అట్టతో నమూనా చేసి దేశిబెహరా వీధిలో ఎవరి అరుగు మీదైనా ఏమీ చెప్పకుండా పెట్టి, నువ్వు దూరంగా కూర్చో. పిల్లలు ఎక్కడ చెయ్యి పెడుతున్నారు, ముసలమ్మలు ఎందుకు వెళ్ళిపోతున్నారు, అన్నీ రాసుకో. ఆ కాగితం పట్టుకుని ఇంటికి రా, వైరింగ్, సెన్సార్ల లెక్క అప్పుడు కలిసి వేద్దాం.

మీ మావయ్య