ఇంగ్లీషులో 'రన్' అంటే పరిగెత్తడం ఒక్కటేనా?

కాదు, 'రన్'కి అసలు అర్థం ఆగకుండా సాగిపోవడం, కాళ్లతో పరిగెత్తడం అందులో ఒకటి మాత్రమే. పాత ఇంగ్లీషు కాలం నుంచే ఈ క్రియ మనిషి పరుగుకీ నీటి ప్రవాహానికీ రెండింటికీ వాడుకలో ఉంది, ఆ తర్వాత యంత్రాలు, వ్యాపారాలు, కంప్యూటర్లు ఏది వచ్చినా ఇదే మాటలో ఇమిడిపోయింది, అందుకే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలో క్రియగానే దీనికి 600కు పైగా అర్థాలు కనిపిస్తాయి.

జలుబు చేసినవాడు 'మై నోస్ ఈజ్ రన్నింగ్' అంటే ముక్కు కారుతోందని. అదే 'రన్' షాపుకి వాడితే మనం నడుస్తోంది అంటాం, సినిమాకైతే ఆడుతోంది అంటాం. నిజానికి మన 'నడుచు' కూడా ఇలాంటిదే, బస్సుకి కాళ్లు లేకపోయినా నడుస్తుంది కదా!

చాలామంది పొరబడేది 'రన్ అవుట్ ఆఫ్' దగ్గర. 'వుయ్ రాన్ అవుట్ ఆఫ్ మిల్క్' అంటే బయటికి పరిగెత్తడం కాదు, పాలు అయిపోయాయని. ఇలాంటివి మాట మాటకీ విడగొడితే అర్థం తెలియదు, మొత్తంగా ఒకే క్రియ అనుకుని నేర్చుకోవాలి.