పెద్ద ఆయిల్ ఫిల్టర్ వేస్తే ఇంజిన్‌కు మేలేనా?

ప్రశ్న: మాది కొరాపుట్. వ్యాపారం పని మీద వారానికి రెండుసార్లు సుంకి ఘాట్ మీదుగా సాలూరు వెళ్లి వస్తుంటాను. దారిలో ఎర్రధూళి విపరీతంగా ఉంటుంది కనుక, నా పెట్రోలు కారుకు కంపెనీ ఫిల్టర్ కంటే పొడవైన ఆయిల్ ఫిల్టర్ వేద్దామని, అప్పుడు ఆయిల్‌ను 10,000 కిలోమీటర్లకు బదులు 15,000కు మార్చినా చాలునని మెకానిక్ అంటున్నారు. వేయించుకోవచ్చునా?

– ఒక పాఠకుడు, కొరాపుట్

జవాబు: మీ మెకానిక్ గారి మాటలో సగం నిజం ఉంది. డబ్బా పెద్దదైతే లోపలి కాగితం విస్తీర్ణం పెరుగుతుంది, అది మూసుకుపోవడానికి ఎక్కువ కాలం పడుతుంది, ఆయిల్ కూడా కాస్త సులువుగా పారుతుంది. అయితే కాగితం అదే రకమైనప్పుడు, చిన్న ఫిల్టర్ వదిలేసే సన్నని నలుసును పెద్దది కూడా వదిలేస్తుంది. పైగా ఆయిల్‌లో కలిసే పెట్రోలును, తేమను, ఆమ్లాలను ఏ కాగితమూ ఆపలేదు, ఆయిల్‌లోని రసాయనాలు అరిగిపోవడాన్నీ ఆపలేదు. అందువల్ల 15,000 అనే మాటను మరచిపోండి. ఇక రోడ్డు ధూళి ఇంజిన్‌లోకి వెళ్లేది ప్రధానంగా గాలి దారిన కాబట్టి, మీరు ముందుగా శ్రద్ధ పెట్టవలసింది ఎయిర్ ఫిల్టర్ మీద.

డబ్బా పొడవు కంటే ముఖ్యమైనది దాని మర, అంటే ఇంజిన్‌కు తిప్పి బిగించే చుట్లు. చాలా కార్లకు 20 మిల్లీమీటర్ల మర ఉంటుంది, మరికొన్నింటికి ముప్పావు అంగుళం, అంటే సుమారు 19 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్ల ఫిల్టర్ ఈ రెండో రకం ఇంజిన్‌కు కూడా ఎక్కుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. కానీ పట్టు చాలక ఒత్తిడికి ఊడిపోతే నిమిషాల్లో ఆయిల్ మొత్తం రోడ్డు పాలవుతుంది. రబ్బరు వాషరు వ్యాసం కూడా సరిపోవాలి.

తరువాత చూడవలసింది బైపాస్ వాల్వు. కాగితం మూసుకుపోయినా, శీతకాలపు తెల్లవారుజామున మీ కొరాపుట్ చలికి ఆయిల్ చిక్కబడినా, వడపోత లేకుండానే ఆయిల్‌ను ఇంజిన్‌కు చేర్చేది ఇదే. కొన్ని కార్లలో ఇది ఫిల్టర్‌లోనూ, మరికొన్నింటిలో ఇంజిన్‌లోనూ ఉంటుంది. ఫిల్టర్‌లో ఉండవలసిన కారుకు అది లేని డబ్బా బిగిస్తే, చలిలో స్టార్ట్ చేసినప్పుడు బేరింగులకు ఆయిల్ అందకపోవచ్చు. మరీ తక్కువ ఒత్తిడికే తెరుచుకునే వాల్వైతే మురికి ఆయిల్ తరచుగా లోపలికి పోతుంది. ఫిల్టర్ అడ్డంగానో, నోరు కిందికో ఉండే ఇంజిన్లకు, బండి ఆపినప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు వాల్వు కూడా అవసరమే.

ఇవన్నీ కంపెనీ ఫిల్టర్‌తో సరిపోలితే, వారంటీ గడువు ముగిసి ఉంటే వేయించుకోండి. అయితే డబ్బా చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కంటే కిందికి వేలాడకూడదు, ఎందుకంటే ఘాట్ రోడ్డు మీద చక్రాల కింద నుంచి ఎగిరే రాయి ఒక్కటి తగిలినా చాలు. సైలెన్సర్ పైపుకూ అది ఆనకూడదు. పాత వాషరు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో చూసి తీసివేసి, కొత్త వాషరుకు ఆయిల్ రాసి, అది ఆనిన తరువాత చేత్తో ముప్పావు చుట్టు బిగిస్తే సాధారణంగా సరిపోతుంది. ఇంజిన్‌ను రెండు నిమిషాలు నడిపి, ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూడండి. పెద్ద డబ్బా తాగిన మేరకు మట్టం తగ్గి ఉంటుంది, అంతమేరకే పోయించండి.