రోమ్‌లో మొదటి రోజు: కొలోస్సియం రేపు చూద్దువుగాని

చిన్నీకి అత్తయ్య ఆశీస్సులు.

వీసా వచ్చిందనీ, టికెట్లు కూడా కొనేశావనీ మీ నాన్న చెప్పాడు. ఒక్కదానివే రోమ్ వెళ్తున్నావని మీ అమ్మకు భయం. నాకు మాత్రం చాలా సంతోషంగా ఉంది. నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. పొద్దున విమానం దిగి, మధ్యాహ్నం కొలోస్సియం, తర్వాత వాటికన్ మ్యూజియం, రాత్రికి ట్రేవీ ఫౌంటెన్ అని రాసుకున్నావు. ఆ మూడింటినీ మొదటి రోజులోంచి తీసెయ్.

నలుగురు కలిసి వెళ్తే ఒకరు సామాన్లు చూస్తారు, ఒకరు దారి వెతుకుతారు, ఇంకొకరు టికెట్లు కొంటారు. నీకు ఆ పనులన్నీ నీవే, అదీ రాత్రంతా విమానంలో సరైన నిద్ర లేకుండా. అంత అలసటలో ఏ గొప్ప కట్టడం చూసినా మనసుకెక్కదు, ఫోటోలు మాత్రం మిగులుతాయి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు మొదటి రోజును ఊరు అలవాటు చేసుకోవడానికే ఉంచుకోవాలి. బస్సు ఎక్కడం, కాఫీ అడగడం, దారి తప్పితే మళ్ళీ దారిలో పడటం, ఒక్కదానివే కూర్చుని భోజనం చెయ్యడం వచ్చేస్తే చాలు. మర్నాటి నుంచి ఊరంతా నీదే.

ఫ్యుమిచీనో విమానాశ్రయంలో దిగాక ఇమిగ్రేషన్ దగ్గర హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ కాగితం అడగొచ్చు. షెంగెన్ వీసాకు, అంటే ఐరోపా దేశాల ఉమ్మడి వీసాకు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి కదా, ఆ కాగితమే. అవన్నీ ప్రింట్ తీసి చేతి సంచిలో పెట్టుకో. పెద్ద సూట్‌కేసులో పెట్టావంటే అవసరమైనప్పుడు చేతికి అందవు. ఏం అడిగినా ఉన్నది ఉన్నట్టు, పొట్టిగా చెప్పు.

అరైవల్స్ తలుపు దాటగానే ‘టాక్సీ, టాక్సీ’ అంటూ దగ్గరికి వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళతో మాటే కలపొద్దు. నీ గది టెర్మినీ స్టేషన్ దగ్గరే కాబట్టి రైలే మేలు. లియోనార్డో ఎక్స్‌ప్రెస్ మధ్యలో ఎక్కడా ఆగకుండా 32 నిమిషాల్లో టెర్మినీ చేరుస్తుంది, టికెట్ 14 యూరోలు. 8 యూరోల లోకల్ రైలు ఇంకొకటి ఉంది, కానీ అది టెర్మినీకి పోదు. చవక అని అది ఎక్కితే ఇంకో చోట దిగి, సామాన్లు లాక్కుంటూ మళ్ళీ రైలు మారాలి. కాగితం టికెట్ కొంటే రైలు ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న మెషిన్‌లో స్టాంపు పడేలా చూసుకో. టికెట్ కొన్నా స్టాంపు లేకపోతే జరిమానా వేస్తారు. ఒకవేళ విమానం ఆలస్యమై రాత్రి దిగితే మాత్రం డబ్బు చూసుకోకు. బయట క్యూలో ఉండే తెల్ల రంగు అధికారిక టాక్సీ ఎక్కు. పాత నగర ప్రాకారం లోపల ఎక్కడికైనా నగరపాలక సంస్థ నిర్ణయించిన ఒకే ధర ఉంటుంది. ఆ ధర ముందే అడిగి ఎక్కు.

గది మధ్యాహ్నం రెండు మూడింటికి గానీ ఇవ్వరు. అయినా నేరుగా అక్కడికే వెళ్ళు, సామాన్లు పెట్టుకోనిస్తారు. పాస్‌పోర్ట్ అడిగి వివరాలు రాసుకుంటారు, అది అక్కడి చట్టం, కంగారు పడకు. రాసుకోగానే వెనక్కి తీసుకో. గది అద్దె కాకుండా రాత్రికింత అని నగర పన్ను కూడా అడుగుతారు, అదీ మామూలే. గది చేతికొచ్చాక స్నానం చెయ్యి. నిద్ర ఆపుకోలేకపోతే అలారం పెట్టుకుని ఒక్క గంట పడుకో, అంతకు మించొద్దు. సాయంత్రం దాకా నిద్రపోయావంటే ఆ రాత్రి జాగరణే, మర్నాడు కూడా పాడవుతుంది.

మూడున్నరకు బయల్దేరు. చాలా చర్చిలు మధ్యాహ్నం మూసి, ఆ వేళకు మళ్ళీ తెరుస్తారు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకో, లేకపోతే లోపలికి రానివ్వకపోవచ్చు. చున్నీ ఒకటి సంచిలో ఉంటే ఏ చింతా లేదు. కాళ్ళకు మాత్రం మెత్తటి బూట్లే. పాత వీధులన్నీ చిన్న చిన్న నల్లరాళ్ళు పరిచినవి, పల్చటి అట్ట ఉన్న చెప్పులతో గంట నడిస్తే అరికాళ్ళు మండుతాయి.

టెర్మినీ ముందు నుంచి బస్సెక్కి లార్గో అర్జెంటీనా అనే కూడలిలో దిగు. బ్యాంకు కార్డును మెషిన్‌కు ఆనిస్తే చాలు, ఒకటిన్నర యూరో టికెట్ 100 నిమిషాలు పనిచేస్తుంది. దిగిన చోటే రోడ్డు మట్టానికి కిందుగా నాలుగు పాత గుడుల శిథిలాలు కనిపిస్తాయి. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్‌ను పొడిచి చంపింది ఇక్కడే. ఇప్పుడు ఆ రాళ్ళ మధ్య పిల్లులు పడుకుని ఉంటాయి. ఇక్కడి నుంచి నేను చెప్పే చోట్లన్నీ ఒకదానికొకటి పది నిమిషాల నడక లోపే.

ముందు పాంథియాన్ అనే పురాతన రోమన్ గుడి వైపు నడువు. దాని వెనక చిన్న కూడలిలో ఒక ఏనుగు వీపు మీద ఈజిప్టు రాతిస్తంభం ఉంటుంది, శిల్పి బెర్నీని రూపకల్పన, 1667 నాటిది. ఆ ఏనుగు ముందు కాసేపు నిలబడు, మన గుళ్ళలో ఏనుగులను చూసి పెరిగిన కళ్ళకు దాని మీద ఇట్టే ప్రేమ పుడుతుంది. మొదటి రోజు లోపలికి వెళ్ళాల్సిన పెద్ద కట్టడం ఏదైనా ఉంటే అది పాంథియాన్ ఒక్కటే. టికెట్ 5 యూరోలు, ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో కొనుక్కో. 43 మీటర్ల పైచిలుకు వెడల్పున్న గోపురం, నేల నుంచి ఎత్తు కూడా సరిగ్గా అంతే. దాదాపు 1,900 ఏళ్ళుగా ఇనుప కడ్డీ ఒక్కటి లేకుండా ఉత్త కాంక్రీటుతోనే నిలబడి ఉంది. నడినెత్తిన తెరిచి ఉన్న గుండ్రటి రంధ్రంలోంచి ఎండ లోపలి గోడ మీద మెల్లగా కదులుతుంటుంది. వాన పడితే నీళ్ళు లోపలే పడి, నేలలోని చిల్లుల్లోంచి పోతాయి. చిత్రకారుడు రఫాయెల్ సమాధి కూడా అక్కడే. గోడవారగా ఎక్కడైనా కూర్చుని తలెత్తి చూస్తూ ఉండు, అక్కడ నిన్ను తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఒంటరిగా వెళ్ళడంలో ఉన్న ఆ సుఖం నీకు మొదటిసారి అక్కడే తెలుస్తుంది.

బయటికొచ్చి నవోనా కూడలి వైపు వెళ్తుంటే దారిలో సాన్ లూయీజీ దేయి ఫ్రాంచేజీ అనే చర్చి వస్తుంది. బయట నుంచి చూస్తే ప్రత్యేకంగా ఏమీ అనిపించదు. లోపల ఎడమవైపు చివరన చిత్రకారుడు కరవాజియో గీసిన మూడు పెద్ద చిత్రాలున్నాయి. మ్యూజియంలో అయితే ఇలాంటివి చూడటానికి క్యూలు కట్టాలి, ఇక్కడ ప్రవేశం ఉచితం. చిల్లర నాణేలు దగ్గర పెట్టుకో, వేస్తే చిత్రాల మీద లైటు వెలుగుతుంది.

నవోనా కూడలి పొడవుగా ఉండటానికి కారణం ఉంది. అది ఒకప్పటి డొమీషియన్ చక్రవర్తి పరుగు పందేల మైదానం, ఆ ఆకారంలోనే చుట్టూ ఇళ్ళు లేచాయి. మధ్యలో బెర్నీని చేసిన నాలుగు నదుల ఫౌంటెన్, 1651 నాటిది. నాలుగు ఖండాలకు నాలుగు నదులు: డాన్యూబ్, నైలు, దక్షిణ అమెరికాలోని ప్లాటా, మన గంగ. గంగ అక్కడ గడ్డమున్న మగవాడు, చేతిలో తెడ్డు పట్టుకుని ఉంటాడు, పడవలు తిరిగే నది అని చెప్పడానికి. నైలు తల మీద ముసుగు, దాని పుట్టుక చోటు అప్పటికి ఎవరికీ తెలియదు గనుక. చుట్టూ తిరిగి నాలుగింటినీ గుర్తుపట్టు. మన దేశాన్ని ఎన్నడూ చూడని శిల్పులు గంగను ఊహించి చెక్కారని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

నీళ్ళ సీసాలు కొనుక్కుంటూ తిరగొద్దు. వీధుల్లో ఇనుప స్తంభాల్లాంటి కుళాయిలుంటాయి, ఊరంతా కలిపి సుమారు 2,500. ఆగకుండా చల్లటి నీళ్ళు కారుతూనే ఉంటాయి, మంచినీళ్ళే. కింద గొట్టాన్ని వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, అలా తాగాలి.

ఇక తిండి సంగతి. కొట్టులో అడుగు పెట్టగానే ‘బువోన్ జోర్నో’ అను, సాయంత్రమైతే ‘బువోనా సేరా’. ఆ పలకరింపు లేకుండా అడిగితే ముఖం మాడ్చుకుంటారు, పలకరిస్తే ఓపిగ్గా చెబుతారు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే చాలా చోట్ల ఎక్కువ ధర. ఉత్త ‘కఫే’ అంటే రెండు గుక్కల చిక్కటి డికాక్షన్ ఇస్తారు, పాలు కావాలంటే కాపుచీనో అడుగు.

నువ్వు శాకాహారివి గనుక ‘సోనో వెజెటారియానా’ అన్న మాట కంఠతా పట్టు. పగలు ముక్కలుగా కత్తిరించి తూకానికి అమ్మే పిజ్జా చాలు, ఎంత కావాలో చేత్తో చూపిస్తే సరిపోతుంది. మరినారా పిజ్జాలో చేపలుండవు, టమాటా, వెల్లుల్లి లాంటివే. కారం కావాలంటే అరబ్బియాతా పాస్తా తీసుకో, మన నాలుకకు కాస్త ఊరట. సుప్లీ అనే అన్నం బోండా చూసి ముచ్చటపడతావేమో, అందులో మామూలుగా మాంసం కలుపుతారు, అడగకుండా తినకు. రోమ్ వాళ్ళ కాచో ఎ పెపే పాస్తాలో మాంసం లేకపోయినా, అందులో వేసే పెకోరీనో చీజ్ తయారీలో గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. తినాలో వద్దో నువ్వే నిర్ణయించుకో.

రాత్రి భోజనం ఏడు, ఏడున్నరకు ముందు దొరకడం కష్టం. తెరవగానే వెళ్తే ఒక్క మనిషికైనా బల్ల సులువుగా ఇస్తారు. మొహమాటపడి ఫోన్‌లో తల దూర్చి తినకు. బిల్లు నువ్వు అడిగేదాకా తేరు, నిన్ను పట్టించుకోలేదని అనుకోవద్దు. ‘ఇల్ కోంతో, పెర్ ఫవోరే’ అంటే తెస్తారు.

మీ అమ్మ భయం గురించి కూడా రాయాలి. రోమ్‌లో నువ్వు జాగ్రత్తపడాల్సింది ముఖ్యంగా జేబుదొంగల గురించి. టెర్మినీ, మెట్రో, వాటికన్ వైపు వెళ్ళే 64 నంబర్ బస్సు, ట్రేవీ దగ్గరి గుంపు వాళ్ళ చోట్లు. సంచి ముందుకు వేసుకుని జిప్పు మీద చెయ్యి పెట్టుకో. పాస్‌పోర్ట్ బట్టల లోపలి పర్సులో ఉండాలి, దాని ఫోటో ఫోన్‌లోనూ మెయిల్‌లోనూ ఉండాలి. రెండు కార్డులుంటే ఒకటి గదిలో పెట్టు. చేతికి దారం కడతామనేవాళ్ళు, గులాబీ ఊరికే ఇస్తామనేవాళ్ళు, సంతకం పెట్టమని అట్ట పట్టుకొచ్చేవాళ్ళు ఎదురైతే నడక ఆపకు, చెయ్యి చాచకు. ఏటీఎం బ్యాంకుకు ఆనుకుని ఉన్నదే వాడు. ‘రూపాయల్లో తీసుకోమంటారా’ అని తెర మీద వస్తే వద్దని యూరోలే ఎంచుకో, రూపాయలంటే మారకం రేటులో బాగా పోతుంది. స్పానిష్ మెట్ల మీద కూర్చోవడం 2019 నుంచి నిషేధం, జరిమానా వేస్తారు. ఏ ఆపదైనా 112కు ఫోన్ చెయ్యి. మన రాయబార కార్యాలయం వీయా వెంటీ సెత్తెంబ్రేలో ఉంది, నీ గదికి దూరం కాదు. ఆ చిరునామా కాగితం మీద రాసుకో.

ఎవరైనా ‘ఒక్కదానివే వచ్చావా’ అని అడిగితే స్నేహితురాలు వస్తోందని చెప్పు. ముక్కూమొహం తెలియనివాళ్ళకు నిజం చెప్పి తీరాలని ఏమీ లేదు. ఏ చోటైనా మనసుకు సరిగ్గా అనిపించకపోతే కారణం వెతుక్కోకుండా అక్కడి నుంచి లేచి వచ్చెయ్యి.

సెప్టెంబర్‌లో మన టైము కంటే అక్కడ మూడున్నర గంటలు వెనక. నువ్వు రాత్రి గదికి వెళ్ళాక తీరిగ్గా ఫోన్ చేద్దామనుకుంటే ఇక్కడ అర్ధరాత్రి అవుతుంది. ఆరింటికే నవోనాలో కూర్చుని మీ అమ్మకు వీడియో కాల్ చెయ్యి, గంగను చూపించు, ఆవిడ హాయిగా పడుకుంటుంది. నువ్వు తొమ్మిదిన్నరకు గదికి చేరి పడుకో. తెల్లవారుజామున నాలుగుకే మెలకువ వస్తుంది, అదీ మంచిదే. వెలుగు రాగానే ట్రేవీకి నడువు, పొద్దెక్కితే అక్కడ గుంపు చేరుతుంది.

ఇంకొక్క మాట, ఇది ఇవాళే చెయ్యి. కొలోస్సియం టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్ట్‌తో సరిచూస్తారు. నీ పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, నువ్వు ఆన్‌లైన్‌లో ఎప్పుడూ పొడి అక్షరమే రాస్తావు. రెండో రోజుకు టికెట్ కొనేటప్పుడు పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయి. కొన్నాక ఆ టికెట్ నాకు ఒకసారి పంపు, నేనూ చూస్తాను.

మీ అత్తయ్య